అరియాడ్నె మెడ తిరగడానికి 7 నెలలు పట్టింది

ఎప్పట్నుంచో రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నా, ఇప్పటికి కుదిరింది. పోయినేడు సెప్టెంబర్లో మొదలుపెట్టి ఈ జూన్ దాకా నేను ఒకే ఒక్క బొమ్మ మీద పడి ఉన్నాను. సొంత బొమ్మ కాదు, నకలు. టిషియన్ అనే వెనిస్ చిత్రకారుడు 1520 నుంచి 1523 మధ్యలో వేసిన 'బాకస్ అండ్ అరియాడ్నె' అనే పెయింటింగ్, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాన్ని సగం సైజులో నూనె రంగులతో వేశాను. ఆర్ట్ స్కూల్లో చదువుకున్న మనిషిని కాదు, ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తాను. బొమ్మలంటే ఇష్టం మాత్రం పుట్టినప్పట్నుంచీ ఉంది, ఎందుకంటే మా నాన్న తెనాల్లో సినిమా బ్యానర్లు వేసేవారు, మా ఇంటి వసారా అంతా అవిసె నూనె వాసనే.

లండన్ వచ్చి 11 ఏళ్ళయింది. నేషనల్ గ్యాలరీ ట్రఫాల్గర్ స్క్వేర్లో ఉంటుంది, టికెట్ లేదు, శుక్రవారం రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది. మొదట్లో చలికి తట్టుకోలేక లోపలికి వెళ్ళేదాన్ని, నిజం చెప్తున్నా, బొమ్మల కోసం కాదు. ఒకరోజు మా అమ్మాయి (అప్పుడు దానికి 7 ఏళ్ళు) నా చెయ్యి వదిలించుకుని వెళ్ళి ఒక పెద్ద బొమ్మ ముందు ఆగిపోయింది, "అమ్మా, చీతాలు!" అని. వెళ్ళి చూస్తే నిజంగానే రెండు చీతాలు ఒక రథం లాగుతున్నాయి, ఆ రథంలోంచి ఒక కుర్రాడు దూకేస్తున్నాడు, ఎర్రటి బట్ట వెనకాల గాలికి ఎగురుతోంది, ఎడమ పక్కన నీలం బట్టల్లో ఒకమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తోంది. ఆకాశం ఎంత నీలమంటే, లండన్లో ఉన్నన్నాళ్ళూ నేను బయట ఎక్కడా అలాంటి ఆకాశం చూడలేదు.

కథ తెలియకపోతే బొమ్మ సగమే కనిపిస్తుంది కాబట్టి కొంచెం చెప్తాను. అరియాడ్నె క్రీట్ రాజు మైనోస్ కూతురు. అక్కడ చిక్కు దారుల కోటలో మినోటార్ అని ఎద్దు తల మనిషి ఉంటాడు, ఏథెన్స్ నుంచి బలికి వచ్చిన వాళ్ళని తినేస్తుంటాడు. థీసియస్ అనే ఏథెన్స్ యువరాజు వాణ్ణి చంపడానికి వస్తే ఈ పిల్ల మనసు పడి, లోపలికెళ్ళి దారి తప్పకుండా తిరిగి రావడానికి ఒక దారం ఉండ ఇస్తుంది. ఆ దారం పట్టుకునే వాడు బతికి బయటపడ్డాడు. సొంత తండ్రికి, సొంత ఊరికి ఎదురు తిరిగి వాడితో ఓడెక్కితే, వాడు నాక్సోస్ అనే దీవిలో ఈమె నిద్రపోతుండగా వదిలేసి వెళ్ళిపోయాడు. ఎందుకు వదిలేశాడు అన్నదానికి ఒక్కో కవి ఒక్కో కారణం చెప్పాడు, దేవుడు వెళ్ళిపొమ్మన్నాడని కొందరు, ఊరికే మర్చిపోయాడని రోమన్ కవి కేటులస్. నాకు రెండోదే ఎక్కువ బాధగా అనిపించింది. అలా ఒడ్డున నిలబడి ఓడ వెళ్ళిపోవడం చూస్తుంటే, అప్పుడు బాకస్ వస్తాడు, ద్రాక్షసారాయి దేవుడు, వెనకాల తాళాలు కొట్టేవాళ్ళు, మేక కాళ్ళ మనుషులు, గాడిద మీద తాగి పడిపోయిన ముసలాయన, పెద్ద ఊరేగింపు. ఆమెని చూడగానే మనసు పారేసుకుని రథంలోంచి దూకేస్తాడు. తర్వాత పెళ్ళి చేసుకుంటాడు, ఆమె కిరీటం ఆకాశంలో నక్షత్రాలుగా మారిపోతుంది. ఆ నక్షత్రాలు కూడా బొమ్మలో ఎడమ వైపు పైన గుండ్రంగా ఉంటాయి, పట్టపగలు ఆకాశంలో.

టిషియన్ పట్టుకున్నది మాత్రం ఆ ఒక్క క్షణమే. ఓడ ఇంకా కనిపిస్తూనే ఉంది, దేవుడి కాలు ఇంకా నేల మీద పడలేదు.

ఇంకో సంగతి, ఇది మనకి దగ్గరగా అనిపిస్తుంది. బాకస్ ఇండియాని జయించి తిరిగొస్తున్నాడని పాత కథల్లో ఉంది. ఇటలీలో ఫెరారా అనే ఊరిని పాలించిన డ్యూక్ అల్ఫోన్సో డెస్టే తన కోటలో ఒక చిన్న గది మొత్తం ఇలాంటి కథల బొమ్మలతో నింపాలనుకున్నాడు, దాని కోసం రఫేల్ అనే చిత్రకారుణ్ణి అడిగింది కూడా ఇండియాలో బాకస్ విజయం గురించిన బొమ్మే. రఫేల్ 1520లో చనిపోవడంతో ఆ చోటు టిషియన్‌కి వచ్చింది. అదే గదికి బెల్లీని అనే పెద్దవయసు చిత్రకారుడు వేసిన దేవతల విందు బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది, టిషియన్ వేసిన ఇంకో రెండు మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో. మనది మాత్రం 1826లో నేషనల్ గ్యాలరీ కొన్నది, అప్పటికి గ్యాలరీ పెట్టి రెండేళ్ళే. దాని నంబరు 35, అంటే ఎంత తొలి రోజుల్లో వచ్చిందో చూడండి.

సరే, నకలు సంగతి. పోయిన ఆగస్టులో తెనాలి వెళ్ళినప్పుడు ఫోన్లో ఈ బొమ్మ నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూసి, "ఇది గళ్ళు కొట్టి ఎక్కించాల్సిన బొమ్మ అమ్మడూ, కంటితో ఎక్కదు" అన్నారు. అంతే. నాకు అదే పట్టుకుంది.

గళ్ళు కొట్టడం అంటే తెలియని వాళ్ళకి: ఫ్లెక్సీలు రాకముందు బ్యానర్లన్నీ అలాగే వేసేవారు. చేతిలో చిన్న స్టిల్ ఫోటో, ఎదురుగా 20 అడుగుల గుడ్డ. ఫోటో మీద పెన్సిల్‌తో గళ్ళు, గుడ్డ మీద అన్నే గళ్ళు, దారానికి చాక్ పొడి పూసి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని మధ్యలో లాగి వదిలితే టప్‌మని గీత పడుతుంది. చిన్నప్పుడు ఒక కొస పట్టుకునేది నేనే. ఆ తర్వాత ఏ గడిలో ఏముందో ఆ గడిలో అదే వేసుకుంటూ పోవడం. ముక్కు వేస్తున్నాం, కన్ను వేస్తున్నాం అని అనుకోకూడదు, గడిలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ బయటికి పోతోందో అది మాత్రమే చూడాలి అనేవారు నాన్న. టిషియన్ అసలు బొమ్మ ఎత్తు 176.5 సెంటీమీటర్లు, వెడల్పు 191. నేను సగం చేసుకున్నా, 88 ఎత్తు 96 వెడల్పు. 8 సెంటీమీటర్ల గడి అయితే అడ్డంగా 12, నిలువుగా 11, మొత్తం 132 గళ్ళు. ప్రింటు మీద 2 సెంటీమీటర్ల గళ్ళు. అడ్డం వరసకి నాన్న పద్ధతిలోనే అ ఆ ఇ ఈ అని పేర్లు పెట్టా, అ నుంచి ఔ దాకా సరిగ్గా 12 వచ్చాయి, ఋ వదిలేస్తే. నిలువుకి అంకెలు.

మొదటి రెండు నెలలూ రంగు ముట్టుకోలేదు. ప్రతి శుక్రవారం ఆఫీసు అవగానే ట్యూబ్ రైలెక్కి గ్యాలరీకి. అక్కడ పెన్సిల్‌తో గీసుకోవచ్చు, నాలాంటి మామూలు సందర్శకులు తడి రంగులు తీసుకెళ్ళకూడదు. నేను A4 నోట్‌బుక్, రెండు పెన్సిళ్ళు, ఒక రబ్బరు, అంతే. ఇంట్లో కూర్చుని నెట్‌లో జూమ్ చేసుకుని చూస్తే సరిపోదా అని మా ఆయన అడిగారు, సబబైన ప్రశ్నే, గ్యాలరీ వాళ్ళే చాలా పెద్ద ఫోటో పెట్టారు, దారప్పోగు కూడా కనిపించేంత. కానీ జూమ్‌లో ముక్క కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు. ఎదురుగా నిలబడి గీస్తుంటే మూడో వారానికి తెలిసింది, మొత్తం బొమ్మని ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలుగా కోసినట్టు ఉంది. పైన ఎడమ వైపు అంతా నీలం, ఆకాశం, సముద్రం, అరియాడ్నె, అందులోకి దూకుతున్న బాకస్. కింద కుడి వైపు అంతా ఆకుపచ్చ, గోధుమ రంగు, చెట్లు, జనం, గోల. బాకస్ ఆ గోలలోంచి నీలంలోకి దూకుతున్నాడు. ఇది ఏ పుస్తకంలోనో చదివుంటే తల ఊపి ఊరుకునేదాన్నేమో, చేత్తో గీస్తుంటే పెన్సిల్‌కే తెలిసిపోయింది, కుడి వైపు గళ్ళు ఒక్కోటి గంట పట్టేవి, ఎడమ వైపువి పది నిమిషాలు.

గుడ్డ సంగతి తొందరగా చెప్పేస్తా. లినెన్ కాన్వాసు, చెక్క ఫ్రేముకి బిగించి, పైన జెస్సో అనే తెల్లటి పూత మూడుసార్లు, ఒక్కో పూతకీ మధ్య ఎమెరీ పేపర్‌తో రుద్దడం. ఆ కాలంలో జిప్సం, జంతువుల జిగురు కలిపి పూసేవాళ్ళు, నేను డబ్బాలో దొరికే యాక్రిలిక్ జెస్సో వాడా. ఇదెందుకంటే నూనె నేరుగా గుడ్డకి తగిలితే కొన్నేళ్ళకి గుడ్డ పుచ్చిపోతుంది. నాన్న బ్యానర్లకి ఈ బాధ లేదు, సినిమా 50 రోజులాడితే చాలు, దించేస్తారు.

గీత ఎక్కించాక రా అంబర్ అనే మట్టి రంగుని పల్చగా చేసి వెలుగు నీడలు మాత్రం వేసుకున్నా. ఇక్కడ ఒక్క జాగ్రత్త, కింద పొరల్లో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ నూనె ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పై పొర ముందే ఎండి కింద పొర ఇంకా కదులుతుంటుంది, పగుళ్ళొస్తాయి. లండన్ చలికాలంలో మా ఇంట్లో ఒక్కో పొర ఆరడానికి వారం, ఒక్కోసారి పది రోజులు. అందుకే 9 నెలలు.

ఇక రంగులు. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

ఈ బొమ్మలో రంగుల్ని గ్యాలరీ సైంటిస్టులు సూది మొనంత ముక్కలు తీసి పరీక్షించారు. టిషియన్ ఉండేది వెనిస్‌లో, ఓడల్లో ప్రపంచంలో ఉన్న రంగులన్నీ దిగే ఊరు, ఈయన ఒక్కటీ వదల్లేదు. ఆ పేర్ల జాబితా చదువుతుంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకంటే వాటిలో సగానికి తెలుగు పేర్లు నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. అరియాడ్నె భుజం మీద ఎర్ర వస్త్రం వెర్మిలియన్, అంటే మన ఇంగిలీకం. తాళాలు కొడుతున్న అమ్మాయి వేసుకున్న నారింజ బట్టలో ఉన్నది రియాల్గర్, అంటే మణిశిల. దాని తోబుట్టువు ఆర్పిమెంట్, అంటే హరిదళం. ఇంగిలీకం చేర్యాల నకాశీ వాళ్ళు పటాల మీద వాడిన ఎరుపే, మిగతా రెండూ ఆయుర్వేదం కొట్లో సీసాల మీద రాసుంటాయి. 500 ఏళ్ళ కిందటి వెనిస్ బొమ్మలోనూ తెలంగాణ పటంలోనూ ఒకే ఎరుపు ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ మాటల్లో పెట్టలేను. కాకపోతే ఇంగిలీకంలో పాదరసం, హరిదళం మణిశిలల్లో పాషాణం ఉంటాయి, ఇంట్లో చిన్న పిల్ల ఉంది, కాబట్టి వాటి బదులు కాడ్మియం ఎరుపు, కాడ్మియం నారింజ ట్యూబులు కొన్నా. అవి కూడా చేతికంటకుండా గ్లవ్స్ వేసుకునే వాడాలి. తెలుపుకి టిషియన్ వాడింది సీసం తెలుపు, నేను టైటానియం తెలుపు. ఇది చల్లగా, సుద్దలా ఉంటుంది, వంటి రంగులో వేడి రాదు, రవ్వంత పసుపు కలుపుకుంటే కొంచెం నయం.

నీలం దగ్గర మాత్రం రాజీ పడలేకపోయాను. ఆ ఆకాశం, ఆ బట్ట అసలు అల్ట్రామెరీన్. లాపిస్ లాజులి అనే నీలి రాయి అఫ్గానిస్తాన్‌లో బదక్షాన్ కొండల్లో తవ్వి తీస్తారు, సముద్రం దాటి వచ్చింది కాబట్టి ఆ పేరు. రాయిని పొడి చేసినంత మాత్రాన నీలం రాదు, బూడిద రంగొస్తుంది. ఆ పొడిని మైనం, చెట్ల జిగురు కలిపిన ముద్దలో పెట్టి, చపాతీ పిండిలా రోజుల తరబడి పిసికి, క్షారం నీళ్ళలో నొక్కుతుంటే నీలం మాత్రం నీళ్ళలోకి దిగుతుంది, మకిలి ముద్దలోనే ఉండిపోతుంది. మొదటిసారి దిగింది అన్నిటికన్నా గాఢం, తర్వాత తర్వాత లేత. అందుకే అది అంత ఖరీదు, డబ్బున్న డ్యూక్ గారి బొమ్మ కాబట్టే అంత ధారాళంగా పూయగలిగాడు. ఫ్యాక్టరీలో తయారయ్యే అల్ట్రామెరీన్ 1820ల్లో ఫ్రాన్స్‌లో కనిపెట్టారు, ఇప్పుడు ట్యూబుల్లో దొరికేది అదే, చవక. ఆకాశానికి నేను అదే వాడా. అరియాడ్నె బట్ట ఒక్కదానికి మాత్రం అసలు రాతి నీలం 10 గ్రాముల పొడి తెప్పించుకున్నా. నా పుట్టినరోజుకి మా ఆయన చీర కొంటానంటే చీర వద్దు ఇది కావాలన్నాను.

ఆ పొడిని గాజు పలక మీద పోసి, అవిసె నూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ నూరాలి. చేత్తో పట్టుకుంటే పిండి కాదు, సన్న ఇసకలా తగులుతుంది. నూరినకొద్దీ మెత్తబడుతుంది అనుకుని నూరేశాను, ఎంత నూరితే రంగు అంత పాలిపోతుందని తర్వాత తెలిసింది, ఆ కొంచెం పోయింది. రెండోసారి జాగ్రత్తగా నూరి నేరుగా బట్ట మీద పూశా, ఆరాక చూస్తే నల్లగా ఉంది. నీలం కాదు, నలుపు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాతి శుక్రవారం వెళ్ళి అసలు బొమ్మలో ఆ బట్ట మడతల దగ్గరే గంటన్నర నిలబడ్డా. వెలుగు పడ్డ చోట్ల కింద తెల్లదనం కనిపిస్తోంది. అంటే ముందు తెలుపు ఎక్కువ కలిపిన నీలంతో మడతలన్నీ కట్టి, అది ఆరాక పైన ఒట్టి నీలాన్ని పల్చటి పొరగా జారవిడవాలి, అప్పుడు కిటికీ అద్దంలోంచి వెలుగొచ్చినట్టు కింద తెలుపు పైకొస్తుంది. గీకేసి అలా చేశా. మూడో పొర ఆరిన రోజు పొద్దున్నే లేచి దీపం వెయ్యకుండానే చూశాను, మసక వెలుతురులో కూడా అది వెలుగుతోంది.

ఇప్పుడు మెడ. ఈ అనుభవం రాయడానికి అసలు కారణం ఇదే.

గళ్ళ ప్రకారం అన్నీ సరిగ్గా ఎక్కాయి, ఒక్క సెంటీమీటరు తేడా లేదు, కానీ నా అరియాడ్నె చచ్చిపోయినట్టు ఉంది. మెడ విరిగిన బొమ్మలా. డిసెంబర్లో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి మొత్తం గుడ్డతో తుడిచేసి మళ్ళీ వేశా. ముఖం మార్చా, జుట్టు మార్చా, నీడ మార్చా. మా పేటలో సాయంత్రం పూట పెయింటింగ్ క్లాసుకి వెళ్తాను, అక్కడ టీచరు ఒక పెద్దావిడ, ఆమె నా ఫోటో చూసి ముఖం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. "ఆమె ఎటు నడుస్తోంది?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఆరు నెలల నుంచి గీస్తున్నాను, తెలియలేదు. ఇంటికెళ్ళి ఆమెలా నిలబడి చూడు అంది.

ఆ ఆదివారం పాత నీలం దుప్పటి చుట్టుకుని అద్దం ముందు నిలబడ్డా, మా అమ్మాయి (ఇప్పుడు దానికి 12) ప్రింటు చేతిలో పట్టుకుని "అమ్మా కాలు ఇంకా అటు, అమ్మా చెయ్యి చాపు, తల మాత్రం ఇటు" అని సర్దింది. కాళ్ళు, నడుము సముద్రం వైపు. ఒక చెయ్యి ఓడ వైపు చాచి, ఇంకో చెయ్యి జారిపోతున్న బట్టని పట్టుకుని. భుజాలు సగం తిరిగి. తల పూర్తిగా వెనక్కి తిరిగి. నిమిషం కూడా నిలవలేకపోయాను, వీపు మధ్యలో లాగేసింది. అప్పుడు అర్థమైంది, ఆమె బాకస్ వైపు తిరిగి నిలబడలేదు. ఆమె ఓడ వెనక పరిగెడుతోంది. ఒళ్ళంతా ఇంకా థీసియస్ వెనకే ఉంది, చెయ్యి వాణ్ణి పిలుస్తూనే ఉంది, వెనక చప్పుడైతే తల ఒక్కటి తిరిగింది. కేటులస్ పద్యంలో ఆమె ఒంటి మీద బట్టలు జారి అలలకి తడుస్తున్నా పట్టించుకోదు, మనసంతా వెళ్ళిపోయినవాడి మీదే. ఇక్కడ బట్ట పట్టుకుంది, అంటే ఎవరో చూస్తున్నారని ఇప్పుడే తెలిసిందన్నమాట. నేను ఇన్నాళ్ళూ ఆమెని బాకస్‌ని చూసి ఇష్టపడిన అమ్మాయిగా వేస్తున్నాను, అందుకే తల ఒక్కటే సరిగ్గా ఉండి ఒళ్ళు చెక్కలా ఉంది. తప్పు మెడలో లేదు, కాళ్ళలో ఉంది. బరువు ఏ కాలి మీద ఉందో నేను పట్టించుకోలేదు, నీలం బట్ట కింద కాళ్ళు కనపడవు కదా అని.

నడుము నుంచి కిందికి మొత్తం మళ్ళీ గీశా. అంటే ఆ రాతి నీలం మళ్ళీ గీకెయ్యాలి. గీకేశా. మిగిలిన పొడి సరిగ్గా సరిపోయింది. మార్చి చివర్లో ఒకరోజు ఊరికే దాటుకుంటూ వెళ్తూ అటు చూస్తే ఆమె తిరిగింది. మెడ మీద నేను ఆ నెలలో ఒక్క కుంచె కూడా పెట్టలేదు, ఒట్టు.

మిగతాది దీనితో పోలిస్తే పని, అంతే. పాములు చుట్టుకున్న గడ్డపాయనని వేసేటప్పుడు చాలా ఆనందించా, ఆ భంగిమ 1506లో రోమ్‌లో తవ్వకాల్లో బయటపడ్డ లావోకోన్ అనే పాత శిల్పం (అందులోనూ పాములు చుట్టుకున్న మనిషే) నుంచి వచ్చిందంటారు, నిజంగానే రాయి కండలు. ముందు నడుస్తున్న మేక కాళ్ళ పిల్లాడు దూడ తలకాయని తాడు కట్టి బొమ్మలాగా ఈడుస్తుంటాడు, వాడి ముఖంలో అమాయకత్వం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. వాడి ముందు నల్ల కుక్కపిల్ల మొరుగుతుంటుంది, అది డ్యూక్ గారి పెంపుడు కుక్క అని చెప్తారు. చీతాలు కవుల కథల్లో లేవు, అక్కడ పులులు, చిరుతలు. డ్యూక్ దగ్గర జంతువుల తోట ఉండేది, అందుకే చీతాలొచ్చాయంటారు. ఇంత గోలలోనూ ఆ రెండూ ఒకదాన్నొకటి ప్రశాంతంగా చూసుకుంటుంటాయి. మా అమ్మాయి అడిగిందని వాటి మచ్చలు దానితోనే పెట్టించా.

ఇంకో మాట, ఆ నీలం అంత మెరుపుగా ఉండటం గురించి పెద్ద గొడవ జరిగింది. 1960ల చివర్లో బొమ్మ మీద పసుపు పచ్చగా మారిన పాత వార్నిష్ తీసి శుభ్రం చేశారు, అప్పటిదాకా గోధుమ రంగు టిషియన్‌కి అలవాటు పడ్డవాళ్ళు ఇదేంటి ఇంత కొట్టొచ్చినట్టు ఉంది అన్నారు. అంతకు ముందెప్పుడో చుట్ట చుట్టి తీసుకెళ్ళడం వల్ల రంగు చాలాచోట్ల రాలిపోయింది కూడా, ఆకాశంలో మరీ. నా వరకు నేను శుభ్రం చేసిన వాళ్ళ పక్షమే. అఫ్గాన్ కొండల నుంచి తెచ్చిన రాయిని ఎవరూ గోధుమ రంగులో కనపడాలని పూయరు.

మే నెలలో సముద్రం సరిచేశా. నేను ఆకాశానికి వాడిన నీలమే సముద్రానికీ వాడాను, రెండూ కలిసిపోయి గోడకి సున్నం కొట్టినట్టు ఉంది. అసలు బొమ్మలో సముద్రం అజురైట్, రాగి నుంచి వచ్చే నీలం, కొంచెం ఆకుపచ్చ వైపు ఉంటుంది. సెరూలియన్ నీలంలో చిటికెడు ఆకుపచ్చ కలిపి ఎడమ అంచు నుంచి దిగంతం దాకా ఒకే విసురులో మళ్ళీ పూశాను. అది మాత్రం బాగా కుదిరింది, నీళ్ళు నీళ్ళలా, ఆకాశం ఆకాశంలా విడిపోయాయి.

టిషియన్ తన సంతకం ఎడమ పక్కన కింద పసుపు బట్ట మీద పడున్న కుండ మీద చేశాడు, లాటిన్‌లో 'టిషియన్ చేశాడు' అన్నట్టుగా. నకలు మీద అది రాయకూడదు. కుండ ఖాళీగా ఉంచేశాను.

జూన్ మొదటి ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేసి గుడ్డ మొత్తం చూపించా. అమ్మ "ఎంత బాగుందే" అంది వెంటనే. నాన్న మాట్లాడలేదు. ఫోను దగ్గరికి తీసుకెళ్ళు, ఎడమకి పో, కిందికి దిగు, ఆగు, అంటూ గడి గడీ చూశారు. బ్యానరు తీసుకెళ్ళేముందు కూడా ఇలాగే చూసేవారు, మెట్ల మీద కూర్చుని, బీడీ ఆరిపోయేదాకా. మెడ దగ్గర ఆగి "కుదిరింది" అన్నారు. ఆ ఒక్క మాటకే నా కళ్ళు నిండిపోయాయి. తర్వాత ఇంకొంచెం ఎడమకి పొమ్మన్నారు.

"అమ్మడూ, ఆ పిల్ల చెయ్యి ఎటు చూపిస్తోంది?"

"ఓడ వైపు నాన్నా, థీసియస్ వెళ్ళిపోతున్నాడు కదా."

"ఏదీ ఓడ?"

చూశాను. లేదు. సముద్రం మళ్ళీ పూసినప్పుడు దాని కింద పోయింది. మే నుంచి రోజూ చూస్తున్నాను, మా ఆయన చూశారు, అమ్మాయి చూసింది, క్లాసులో టీచరు చూసింది, ఎవరికీ కనపడలేదు. ఇన్నాళ్ళూ ఆమె ఏమీ లేని నీళ్ళ వైపు చెయ్యి చాపి నిలబడి ఉంది.

కాల్ పెట్టేయకుండానే ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, ప్రింటు తీసి, అ వరసలో ఆ గడి చూసుకుని, సున్నా నంబరు కుంచె పట్టుకున్నా. నాన్న "ఊపిరి బిగబట్టకు, వదులుతూ వెయ్యి" అన్నారు. నా గుడ్డ మీద అది వేలి గోరంత కూడా ఉండదు. తెరచాపకి రెండు గీతలు, అడుగున ఒకటి.